భీమవరంలో మేం చూపించుకుంటున్న సైకియాట్రీ క్లినిక్: బూతు వీడియోల అలవాటుతో నలిగే ఇళ్ళవాళ్ళ కోసం

భీమవరంలో మేం చూపించుకుంటున్న ఒక సైకియాట్రీ క్లినిక్ గురించి రాస్తున్నాను. ఊరి పేరు చెప్తాను గానీ క్లినిక్ పేరు రాయను. అది చిన్న క్లినిక్. నిద్ర పట్టనివాళ్ళు, మూర్ఛలు వచ్చేవాళ్ళు, తాగుడు మానాలనుకునేవాళ్ళు, కాన్పయ్యాక దిగులు పట్టుకున్న ఆడపిల్లలు అందరూ ఆ నాలుగు బెంచీల మీదే కూర్చుంటారు. "బూతు వీడియోల జబ్బుకి చూసే చోటు" అని ముద్ర పడిందంటే మిగతావాళ్ళు ఆ మెట్లెక్కడం మానేస్తారు. లోపల మాకు ఏం జరిగిందో మాత్రం దాచకుండా చెప్తాను. మీ దగ్గర్లో ఉన్న డాక్టరు కూడా అలా చూస్తున్నారో లేదో మీరే పోల్చి చూసుకోవచ్చు. మా ఆయన ఇదంతా చదివారు. రెండు చోట్ల తీసెయ్యమన్నారు, తీసేశాను. మిగతాది పెట్టమన్నారు.

మేముండేది కాళ్ళ మండలం వైపు. ఆయన చెరువులు లీజుకి తీసుకుని వెనామీ రొయ్యలు పెంచుతారు. నేను జడ్పీ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్తాను. రొయ్యల సాగు సంగతి మా వైపువాళ్ళకి చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో కరెంటు పోయి, నీళ్ళల్లో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే వెంటనే లేచి జనరేటర్ వెయ్యాలి. అందుకని రాత్రంతా ఎవరో ఒకరు మెలకువగా ఉండాల్సిందే. మనిషి ఒక్కడే, చుట్టూ చీకటి, చేతిలో ఫోన్. 2016లో డేటా చవకయ్యాక మా చెరువుల దగ్గర ఎక్కడ చూసినా రాత్రుళ్ళు ఇదే కాలక్షేపం. అందరికీ అది జబ్బు కాలేదు. మా ఆయనకి అయింది.

ఎలా అయిందో పొడుగ్గా చెప్పను. పడుకునే చోటు మార్చేశారు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ రావడం మానేశారు. ఫోన్‌లో అన్నీ తీసేసేవారు, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేవి. ఒకసారి రొయ్యలు పట్టే రోజులు దగ్గరపడ్డ చెరువు మీద కరెంటు పోయింది. ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వీడియోల్లో ఉన్నారు. ఏరియేటర్ల చప్పుడు ఆగిన సంగతే తెలియలేదు. తెలిసేసరికి రొయ్యలు పైకి తేలిపోయాయి. ఆ పంట నష్టం మేతకొట్టు బాకీ రూపంలో ఇంకా తీరుతూనే ఉంది. జనరేటర్ మొరాయించిందని ఊరందరికీ చెప్పారు. నాకూ అదే చెప్పారు. చాలా రోజుల తర్వాత ఒక రాత్రి అసలు సంగతి చెప్పి ఏడ్చారు.

క్లినిక్‌కి వెళ్ళేముందు ఆయన నాకు చెప్పకుండా ఇంకో చోటికి వెళ్ళారు. బస్టాండు గోడల మీద "రహస్య వ్యాధులు, నరాల బలహీనత" అని రాసి ఉంటుంది చూడండి, అలాంటివాళ్ళ దగ్గరికి. లాడ్జిలో రూము తీసుకుని కూర్చుంటారు. ఆ మనిషి ఎవరో రాయను. చెయ్యి పట్టుకుని నాడి చూశాడట. పెళ్ళయిందా, చిన్నప్పుడు హస్తప్రయోగం చేసేవాడివా అని అడిగాడట. ధాతువంతా, అంటే వీర్యమంతా, కరిగిపోయింది, నరాలు చచ్చుబడ్డాయి అని చెప్పి పొడి పొట్లాలూ లేహ్యం డబ్బా ఇచ్చి 9 వేలు తీసుకున్నాడు. రాత్రుళ్ళు ఏం చేస్తున్నావు, ఎందుకు ఆపలేకపోతున్నావు అన్న మాటే లేదు. నాకు ఇప్పటికీ కడుపు మండేది దానికే. వెళ్ళేటప్పుడు ఆయనకి ఒక్క బాధే ఉంది, వచ్చేటప్పుడు దానికి భయం కూడా తోడైంది. పదో తరగతి పిల్లలకి ప్రత్యుత్పత్తి పాఠం చెప్పేదాన్ని కాబట్టి నాకు తెలుసు. వీర్యం రక్తం నుంచి చుక్కచుక్కగా దిగేది కాదు, అది పోతే మనిషి నీరసించిపోడు. శరీరం దాన్ని ఎప్పటికప్పుడు తయారు చేసుకుంటూనే ఉంటుంది. ఈ భయంతో మన దేశంలో మగవాళ్ళు ఎంత కుంగిపోతారో చూసి, మానసిక వైద్యులు డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లోనే దానికి ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అరవై ఏళ్ళు దాటినా గోడల మీద ఆ రాతలు చెరగలేదు.

ఇక క్లినిక్ సంగతి.

మొదటిసారి డాక్టరు గారు దాదాపు గంటసేపు కూర్చోబెట్టారు. మాట మొదలెట్టక ముందే ఒక సంగతి చెప్పారు. ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అది మీ హక్కు అన్నారు. పిల్లలకి లైంగికంగా హాని జరిగే విషయం ఏదైనా తెలిస్తే మాత్రం పోక్సో చట్టం ప్రకారం నేను దాచలేను, ముందే చెప్తున్నాను అని కూడా అన్నారు. ఈ రెండో మాట విని మా ఆయన జంకుతారేమో అనుకున్నాను. ఆయనకి అదే నచ్చిందట. దాచనివాడు చెప్పే మాట నమ్మొచ్చు కదా అన్నారు తర్వాత.

ఆ తర్వాత నన్ను బయట కూర్చోమన్నారు. నాకు కోపం వచ్చింది. పట్టుబట్టి తీసుకొచ్చిందాన్ని నేను, బాకీలు కడుతున్నదీ నా జీతమే. కొంతసేపటికి నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచి, "అమ్మా, ఆయన చెప్పింది ఆయన ఒప్పుకోకుండా మీకు చెప్పను. మీరు చెప్పేది కూడా మీరు ఒప్పుకోకుండా ఆయనకి చెప్పను" అన్నారు. అప్పుడు నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పనివి చెప్పగలిగాను. భార్యాభర్తల్ని పక్కపక్కన కూర్చోబెట్టి "చెప్పండి, ఏంటి సమస్య" అని అడిగే చోట ఈ జబ్బు బయటపడదు. నా మటుకు నాకు ఈ క్లినిక్‌లో అన్నిటికన్నా విలువైంది ఇదే.

లోపల ఏమేం అడిగారో మా ఆయన చెప్పినంతవరకూ రాస్తాను. ఎప్పటి నుంచి, ఎప్పుడు ఎక్కువవుతుంది, చూసేముందు మనసు ఎలా ఉంటుంది, చూశాక ఎలా ఉంటుంది. మొదట్లో కలిగిన సంతోషం ఇప్పుడు ఉందా, లేకపోయినా చూస్తున్నారా. మానడానికి ఏం ప్రయత్నాలు చేశారు. దానివల్ల ఏం పోయింది. బయట ఎవరితోనైనా సంబంధం ఉందా, ఉంటే రక్తపరీక్షలు చేయించుకున్నారా. చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా. ఈ చివరి ప్రశ్నకి ఆయన వెంటనే జవాబు చెప్పలేదట.

ఇవన్నీ ఒక ఎత్తు. అసలు సంబంధం లేనట్టు కనిపించే ప్రశ్నలు ఇంకో ఎత్తు. నిద్ర లేకపోయినా హుషారుగా ఉండి, ఆగకుండా మాట్లాడి, డబ్బు ఎడాపెడా ఖర్చుపెట్టిన రోజులు ఉన్నాయా? తలకి ఎప్పుడైనా గట్టి దెబ్బ తగిలిందా? తాగుతారా, గంజాయి అలవాటుందా? వణుకుడుకో కాళ్ళ పీకుడుకో మాత్రలు వాడుతున్నారా? మా ఆయన విసుక్కుని "నేనొచ్చింది దీనికి కాదండి" అన్నారట. డాక్టరు గారు నవ్వి, "రొయ్య తేలితే ముందు నీళ్ళు పరీక్ష చేయిస్తారా, కనపడిన మందల్లా పోస్తారా?" అని అడిగారట. ఆ తర్వాత మా ఆయన ఇంక విసుక్కోలేదు.

ఆ ప్రశ్నల వెనక సంగతి నాకు తర్వాత చెప్పారు. బైపోలార్ జబ్బులో, అంటే కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు దిగులు వచ్చే జబ్బులో, ఉద్రేకం పెరిగిన రోజుల్లో మనిషికి కామకోరికలు అదుపు తప్పొచ్చు. అప్పుడు చూడాల్సింది బైపోలార్‌ని. మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్ళలో, కొన్ని రకాల మతిమరుపు జబ్బుల్లో సిగ్గూ అదుపూ పోతాయి. పార్కిన్సన్స్ అనే వణుకుడు జబ్బుకి వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మాత్రలు కొందరిలో జూదం, విపరీతమైన కొనుగోళ్ళు, కామకోరికలు పెంచుతాయి. ఇది చదివేవాళ్ళలో ఇంట్లో వణుకుడు జబ్బున్న పెద్దాయన ఉంటే, ఆయన ఈమధ్య ఉన్నట్టుండి ఫోన్‌లో ఇలాంటివి చూస్తుంటే, దయచేసి ఆయన్ని తిట్టకండి, పిల్లల ముందు పరువు తియ్యకండి. మాత్రల చీటీ పట్టుకుని న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. మీ అంతట మీరు ఆ మాత్ర ఆపెయ్యకండి, ఒక్కసారిగా ఆపితే వేరే ప్రమాదాలున్నాయి. డోసు సంగతి వాళ్ళే చూస్తారు.

మా ఆయనకి ఇవేవీ లేవని తేలాకే అసలు జబ్బు పేరు చెప్పారు. కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్ అంటారు, కామకోరికల్ని అదుపు చేసుకోలేని జబ్బు అన్నమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ జబ్బుల జాబితా 11వ కూర్పులోకి ఇది వచ్చింది. ఆ కూర్పుని 2019లో ఆమోదించారు, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. "అంటే ఇది అడిక్షనే కదండీ" అని అడిగాను. అలా గట్టిగా చెప్పడానికి ఇంకా లేదన్నారు. ఆ జాబితాలో దీన్ని మందు, జూదం వ్యసనాల పక్కన పెట్టలేదట, తన ప్రేరణని తాను ఆపుకోలేని జబ్బుల వరసలో పెట్టారట. అమెరికావాళ్ళ మానసిక వైద్య గ్రంథంలోకి చేర్చమని ప్రతిపాదన వచ్చినా 2013లో ఒప్పుకోలేదు, 2022 సవరణలోనూ లేదు. డాక్టర్ల మధ్యే ఇంకా వాదన నడుస్తోందని ఆయన దాచకుండా చెప్పడం నాకు నచ్చింది.

"రోజుకి ఎంతసేపు చూస్తే జబ్బు అంటారు?" అని కూడా అడిగాను. గంటల లెక్క లేదన్నారు. ఆరు నెలలో అంతకన్నా ఎక్కువో మనిషి తన కోరికని ఆపుకోలేకపోవాలి. ఆరోగ్యం, పని, ఇల్లు పక్కకిపోయి అదే బతుక్కి కేంద్రం కావడం, మానాలని ఎన్నిసార్లు ప్రయత్నించినా వల్ల కాకపోవడం, నష్టం కళ్ళముందు కనిపిస్తున్నా ఆగలేకపోవడం, సంతోషం లేకపోయినా చేస్తూ ఉండటం లాంటివి కనిపించాలి. వాటివల్ల మనిషి బాగా బాధపడాలి, లేదా సంసారమో ఉద్యోగమో బాగా దెబ్బతినాలి. మా ఆయన కథలో ఆ చెరువు ఒక్కటి చాలు.

ఆ తర్వాత డాక్టరు గారు చెప్పింది ప్రతి తల్లీ తండ్రీ వినాలి. తప్పు చేస్తున్నానన్న బాధ ఒక్కటే ఉంటే దాన్ని ఈ జబ్బు కింద రాయకూడదట. ఆ జాబితాలోనే అలా స్పష్టంగా ఉంది. భక్తిగా పెరిగిన కుర్రాడు ఎప్పుడో ఒకసారి చూసి, పాపం చేశానని నిద్రపోకుండా ఏడుస్తుంటే అతనికి అదుపు పోలేదు. అతని నమ్మకానికీ చేతకీ పొత్తు కుదరక బాధపడుతున్నాడు. ఆ బాధకీ సాయం కావాలి, కానీ ఈ జబ్బు పేరు అంటగట్టకూడదు. కోరికలు సహజంగా ఎక్కువ ఉన్నవాళ్ళకీ, అవి తమ అదుపులో ఉన్నంతకాలం, ఈ పేరు పెట్టకూడదు. ఎదిగే వయసు పిల్లల హస్తప్రయోగాన్నీ కుతూహలాన్నీ, వాళ్ళు దాని గురించి దిగులుపడుతున్నా సరే, ఇందులో కలపకూడదు. మా స్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లాడి దగ్గర ఫోన్ దొరికితే స్టాఫ్‌రూమ్‌లో ఏమేం మాటలు వినపడతాయో నాకు తెలుసు. "వీడు దీనికి బానిసైపోయాడు" అని అక్కడికక్కడే తీర్పు చెప్పేస్తారు. ఇప్పుడు నేను ఊరుకోవడం లేదు.

రెండోసారి వెళ్ళినప్పుడు సైకాలజిస్ట్ మేడమ్ ప్రశ్నల కాగితం తీశారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కొక్కటీ తెలుగులో, మన వాడుక మాటల్లో చదివి అడిగారట. మొత్తం 19 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి నాలుగు మార్కులు. 50 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే లోతుగా చూడాలని అర్థం తప్ప జబ్బు ఉన్నట్టు కాదని ఆమె రెండుసార్లు చెప్పారు. ఈ కొలబద్దతోనే 42 దేశాల్లో 82 వేల మందిని అడిగితే నూటికి దాదాపు ఐదుగురు ప్రమాదపు గీత పైన ఉన్నారట. మా ఆయన ఆ లెక్క విని, "అయితే నేనొక్కణ్ణే కాదన్నమాట" అన్నారు. ఇంటికొస్తూ దారిలో మళ్ళీ అదే మాట అన్నారు.

నా సంగతి కూడా చెప్పాలి. మా తోటికోడలికి కొంత తెలుసు. "మగాళ్ళన్నాక మామూలేనే. నువ్వు దగ్గరికి రానివ్వట్లేదేమో చూసుకో" అంది. ఆ మాట చాలాకాలం నన్ను లోపల్లోపల తినేసింది. సైకాలజిస్ట్ మేడమ్ నాకంటూ ఒక సెషన్ పెట్టారు. భార్య అందచందాలకీ, ఆమె దగ్గరితనానికీ ఈ జబ్బుతో లంకె పెట్టకండి అన్నారు. మీ ఆయన ఎక్కువగా చూసింది అప్పులవాళ్ళు ఫోన్ చేసిన రోజుల్లో, రొయ్యల రేటు పడిపోయిన రోజుల్లో అని గుర్తు చేశారు. కోరిక కన్నా టెన్షన్ మరిచిపోవడానికి చూసిన రోజులే ఎక్కువట. రాత్రుళ్ళు కాపలా కాసి ఆయన ఫోన్ వెతకడం మానెయ్యమన్నారు. మీ మనసుకి తగిలిన దెబ్బ కూడా నిజమైనదే, వెంటనే క్షమించెయ్యాలని ఎవరూ మిమ్మల్ని తొందరపెట్టకూడదు అన్నారు. నేను అక్కడ కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

వైద్యం గురించి ఎక్కువ ఆశ పెట్టించలేదు. ఈ జబ్బుకే ప్రత్యేకంగా ఆమోదం పొందిన మందు ఇంకా ఏదీ లేదని, కొన్ని మందుల మీద చిన్న చిన్న పరీక్షలు జరిగాయని చెప్పారు. మా ఆయనకి డిప్రెషన్ కూడా ఉందని తేలింది కాబట్టి దానికి మాత్ర మొదలెట్టారు. కోరిక కూడా కాస్త తగ్గొచ్చని, అది ఇబ్బందైతే చెప్పమనీ ముందే అన్నారు. ప్రధానంగా నడుస్తున్నది సీబీటీ, అంటే ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చుకోవడం నేర్పే మాటల వైద్యం. చూడాలనిపించిన టైము, అప్పటి పరిస్థితి, అప్పుడు మనసులో వచ్చిన ఆలోచన నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఆ కోరిక పెరిగి, కాసేపు నిలబడి, దానంతటదే దిగిపోతుందని గమనించడం నేర్పారు. చెరువు దగ్గరికి మామూలు బటన్ ఫోన్ తీసుకెళ్తున్నారు. కరెంటు పోతే ఫోన్‌కి కాల్ వచ్చే పరికరం పానెల్‌కి బిగించాం. వారంలో కొన్ని రాత్రులు జీతం ఇచ్చి కుర్రాణ్ణి పెట్టాం, ఆ రాత్రులు ఆయన ఇంట్లో పడుకుంటున్నారు. తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. మధ్యలో ఒకసారి మళ్ళీ జారారు. ఈసారి మర్నాడే వచ్చి నాకు చెప్పారు. ఆ రోజు ఏం జరిగిందో క్లినిక్‌లో నోట్‌బుక్ ముందు పెట్టుకుని మాట్లాడారు, ఒక్క తిట్టు లేదు.

ఇక లోపాలు. అన్నిటికన్నా పెద్దది, రిసెప్షన్‌లో పేరు, ఊరు కలిపి గట్టిగా పిలుస్తారు. హాల్లో మా పక్క ఊరి మనిషి కూర్చుని ఉన్నాడు, మా ఆయన తల దించేసుకున్నారు. లోపల అంత గోప్యంగా చూసేవాళ్ళు బయట టోకెన్ నంబరు పిలిస్తే సరిపోతుంది. డాక్టరు గారికే చెప్పాను, మారుస్తామన్నారు, నేను చివరిసారి వెళ్ళినప్పటికి మారలేదు. సైకాలజిస్ట్ మేడమ్ బుధవారం, శనివారం మాత్రమే వస్తారు, ఆమె గదికి తలుపు ఉంది గానీ గోడ చెక్కది, పక్క గదిలో మాటలు వినపడతాయి. ఆకలేస్తే కింద టీకొట్టే దిక్కు. డాక్టరు ఫీజు 600, సైకాలజిస్ట్ సెషన్ 900. రెండూ కలిసి మాలాంటివాళ్ళకి బరువే, కానీ లాడ్జిలో పోసిన డబ్బుతో చూస్తే నేను దీనికే ఇస్తాను. ఐదుకి నాలుగు మార్కులు వేస్తాను, ఆ పేరు పిలవడం మానితే ఇంకో అర కలుపుతాను.

డబ్బు ఇబ్బంది అయితే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఎక్కడికీ వెళ్ళే ధైర్యం లేనివాళ్ళు 14416కి ఫోన్ చెయ్యండి. అది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలెట్టిన టెలీ మానస్, డబ్బు తీసుకోరు, రాత్రి వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఫోన్ చెయ్యండి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్ళండి. ఏ క్లినిక్‌కి వెళ్ళినా పొద్దున్నే చేరుకోండి, మేం వెళ్ళే చోట పది దాటితే హాలు నిండిపోతుంది. వాడుతున్న మాత్రలన్నీ, బీపీవి షుగర్‌వి కూడా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్ళండి. వాటి గురించి కూడా అడుగుతారు.